ప్రదర్శన ట్రక్కు రోడ్డెక్కే ముందు

ప్రశ్న: 1956 నాటి ఫోర్డ్ ఎఫ్-100 పికప్ ఒకటి కొన్నాను. 1960ల చివర్లో ఎవరో దాన్ని ప్రదర్శనల కోసం తీర్చిదిద్దారు. క్యాండీ ఎరుపు రంగు, షెవర్లే 327 ఇంజను, దాని మీద మూడు కార్బ్యురేటర్లు, హ్యాండిళ్లు తీసేసిన తలుపులు, కిందకు వంగి చూస్తే ముందు యాక్సిల్ మొదలుకొని స్ప్రింగుల దాకా అంతా క్రోమ్. కొన్నేళ్లు ట్రైలర్ మీద ప్రదర్శనలకు తిరిగి, 1970ల చివరి నుంచి షెడ్డులోనే ఉండిపోయిందని అమ్మినవారు చెప్పారు. ఆదివారాలు దాన్ని నేనే నడుపుకుంటూ వెళ్లాలని నా కోరిక. రంగు అక్కడక్కడా పగిలింది. మొత్తం గీకించి కొత్త రంగు వేయించమని ఒకరు, బాడీని కొత్త ఛాసిస్ మీదికి ఎక్కించమని మరొకరు, ఇంజను స్టార్టయితే చాలు నడిపేయమని ఇంకొకరు అంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?
— ఒక పాఠకుడు, అమెరికా

సమాధానం: మొదటి ఇద్దరి మాట వింటే బండి చరిత్ర పోతుంది. మూడోవారి మాట వింటే మీ ప్రాణానికే ముప్పు. కాబట్టి ఇంజను తాళం జోలికి ఇప్పుడే వెళ్లకండి.

మీ ట్రక్కు దేనికోసం తయారైందో ముందు గుర్తుంచుకోవాలి. హాల్లో దీపాల కింద, అద్దాల మీద నిలబెట్టి, న్యాయనిర్ణేతలు వంగి కింద భాగాలను కూడా చూసి మార్కులు వేసేందుకు తయారైన బండి అది. చేసినవారి నైపుణ్యానికి లోటేమీ లేదు. అయితే ఆ నైపుణ్యమంతా కంటికి కనిపించే దాని మీదే పెట్టారు. గుంతలో పడినప్పుడు, వానలో బ్రేకు తొక్కినప్పుడు, గంటకు అరవై మైళ్ల వేగంతో వంపు తిరిగినప్పుడు ఏ భాగం ఎంత బరువు మోయాలన్న పరీక్ష దానికి ఎన్నడూ ఎదురు కాలేదు. అందుకే మీ పని రెండు పాళ్లు. కంటికి కనిపించే పనితనాన్ని వీలైనంతవరకు ముట్టుకోకూడదు. బరువు మోసే ప్రతి భాగాన్నీ, అది ఎంత మెరుస్తున్నా, అనుమానించాలి.

ఆ పనితనం విలువ తక్కువేమీ కాదు. డెట్రాయిట్‌కు చెందిన అలెగ్జాండర్ సోదరులు డాడ్జ్ ఏ100 పికప్‌ను మలిచి తయారుచేసిన డియోరా 1967లో డెట్రాయిట్ ఆటోరామా అనే కార్ల ప్రదర్శనలో రిడ్లర్ అవార్డు గెలుచుకుంది. ఆ మరుసటి ఏడాది హాట్ వీల్స్ తొలి బొమ్మకార్ల వరుసలోనూ చేరింది. దాన్ని ఇన్నేళ్లుగా జనం గుర్తుపెట్టుకున్నది ఇంజను కోసం కాదు, దాని రూపం కోసం. మీ బండి అంత పేరున్నది కాకపోవచ్చు, కానీ అదే కాలపు చేతిపని. అదే రంగు, అదే క్రోమ్, అదే పద్ధతిలో ఇవాళ కొత్తగా చేయించినా అది ఇవాళ్టి పనే అవుతుంది.

పైసా ఖర్చు పెట్టక ముందే చేయాల్సిన పని ఒకటుంది. ఫ్రేము మీద కొట్టిన నంబరు, తయారీ కంపెనీ వివరాల ప్లేటు మీది నంబరు, టైటిల్ (యాజమాన్య) పత్రంలోని నంబరు ఒక్కటేనా చూడండి. ప్రదర్శన కోసం ఫ్రేమును నునుపు చేసి రంగు వేసినప్పుడు ఆ అంకెలు పుట్టీ కింద కప్పుకుపోయే అవకాశం ఉంది. అంకెలు దొరకకపోతే గీకడం మొదలుపెట్టకండి. మీ రాష్ట్ర రిజిస్ట్రేషన్ కార్యాలయాన్ని అడిగి, వారు చెప్పిన పద్ధతిలోనే పరిశీలన చేయించుకోండి. మార్పులు చేసిన పాత బండ్లకు కొన్ని రాష్ట్రాల్లో ప్రత్యేక రిజిస్ట్రేషన్ ఉంది. దీపాలు, పొగ పరీక్ష, ఫెండర్ల విషయంలో నిబంధనలు రాష్ట్రానికో తీరుగా ఉంటాయి కాబట్టి, ఏ భాగం కొనాలన్నది కూడా దాన్ని బట్టే తేల్చుకోవాలి.

ఇక అసలు విషయానికి, అంటే ఆ క్రోమ్ దగ్గరికి, వస్తాను. మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే భయపెట్టింది అదే.

ఉక్కు భాగానికి క్రోమ్ పూత వేసే ముందు దాన్ని ఆమ్లంలో శుభ్రం చేస్తారు, ఆ తర్వాత ద్రావణంలో ముంచి విద్యుత్తు పంపుతారు. ఈ రెండు దశల్లోనూ హైడ్రోజన్ ఉక్కులోకి చొరబడుతుంది. మెత్తటి ఉక్కుకు దాంతో పెద్దగా హాని ఉండదు. కానీ స్పిండిళ్లు (ముందు చక్రాలు తిరిగే ఇరుసులు), స్టీరింగ్ ఆర్ములు, టై రాడ్ (ముందు చక్రాలు రెంటినీ కలిపే కడ్డీ) చివర్లు, స్ప్రింగు పట్టీలు, గట్టి బోల్టులు వంటి గట్టిపరిచిన ఉక్కును మాత్రం ఆ హైడ్రోజన్ పెళుసుగా మారుస్తుంది. అలాంటి భాగం ముందుగా వంగి హెచ్చరించదు. బరువు మోస్తూ మోస్తూ ఒకనాడు గాజులా పుటుక్కుమంటుంది. దీనికి విరుగుడు ఉంది. పూత వేసిన కొన్ని గంటల్లోపే భాగాన్ని సుమారు 190 డిగ్రీల సెల్సియస్ వేడిలో గంటల తరబడి ఉంచితే హైడ్రోజన్ బయటకు పోతుంది. మీ బండి భాగాలకు ఆ పని చేశారో లేదో ఇవాళ చూసి చెప్పగలిగినవారు లేరు. దానికి తోడు, అద్దంలా మెరవాలని పూతకు ముందే భాగాన్ని అరగదీసి మెరుగుపెడతారు. ఎంత లోహం పోయిందో కూడా తెలియదు. లోపల సన్నటి పగులు ఉంటే పై మెరుపు దాన్ని దాచేస్తుంది.

ఒకప్పుడు ఇలాంటి బండినే ఒకదాన్ని షెడ్డులోంచి బయటికి తోస్తున్నప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఇంజను ఆపే ఉంది. నలుగురం తోస్తుంటే ఒకాయన స్టీరింగు తిప్పారు. ముందు చక్రాల్లో ఎడమది తిరిగింది, కుడిది తిరగలేదు. వంగి చూస్తే క్రోమ్ పూసిన టై రాడ్ చివర మెడ దగ్గర విరిగి వేలాడుతోంది. విరిగిన ముఖంలో సగానికిపైగా తుప్పుతో నల్లగా ఉంది, మిగతాది తళతళలాడే కొత్త లోహం. అంటే ఆ పగులు ఏళ్ల తరబడి ఆ మెరుపు కింద ఎదుగుతూనే ఉంది. అది రోడ్డు మీద జరిగి ఉంటే ఏమయ్యేదో మీకు వేరే చెప్పనక్కర్లేదు.

అందువల్ల నా సలహా స్పష్టం. స్పిండిళ్లు, కింగ్‌పిన్నులు (చక్రం మలుపు తిరిగే నిలువు పిన్నులు), స్టీరింగ్ ఆర్ములు, డ్రాగ్ లింకు (స్టీరింగు కదలికను చక్రాలకు చేర్చే కడ్డీ), టై రాడ్ చివర్లు, స్ప్రింగులు, వాటిని ఫ్రేముకు కలిపే షాకిళ్లు, యూ-బోల్టులు అన్నీ విప్పి పక్కన పెట్టండి. ఎఫ్-100 ఎంతో ఆదరణ ఉన్న బండి కాబట్టి వీటిలో చాలావరకు కొత్తవి దొరుకుతాయి. కొత్తవాటికి క్రోమ్ వేయించకండి. వెండి ఛాయలో నునుపైన పెయింటు వేస్తే రెండడుగుల దూరం నుంచి చూసేవారికి తేడా పెద్దగా తెలియదు. ముందు యాక్సిల్ దూలం లాంటి పెద్ద భాగాన్ని ఉంచుకోవాలనుకుంటే అయస్కాంత కణాలతో పగుళ్లు పట్టే పరీక్ష చేయించండి. ఇంజను భాగాలను బాగుచేసే మెషీన్ షాపుల్లో ఈ పరీక్ష చేస్తారు. ఆ దూలాన్ని కోసి వంచి బండిని కిందికి దించి ఉంటే, వెల్డింగ్ చోట్లను మరీ శ్రద్ధగా చూడమనండి. తీసేసిన క్రోమ్ భాగాలకు నూనె రాసి, చీటీలు కట్టి, పెట్టెలో భద్రంగా దాచండి. రేపు ఎవరైనా బండిని మళ్లీ ప్రదర్శనలో నిలబెట్టాలనుకుంటే ఆ పెట్టె విలువ తెలుస్తుంది.

బోల్టులనూ వదలకండి. సాధారణంగా బోల్టు తల మీద మూడు గీతలుంటే అది గ్రేడ్ 5, ఆరు గీతలుంటే అంతకంటే గట్టిదైన గ్రేడ్ 8. ప్రదర్శన బండ్లలో ఆ గీతలు అందంగా లేవని అరగదీసి క్రోమ్ వేసేవారు, లేదా అలంకారపు బోల్టులు బిగించేవారు. తల మీద గుర్తులేని బోల్టు స్టీరింగులో, బ్రేకుల్లో, సీటు బెల్టుల్లో ఎక్కడ కనిపించినా మార్చేయాలి. కార్బ్యురేటర్ మీది గాలి మూతకు బిగించినది మాత్రం ఉంటే ఉండనివ్వండి.

బ్రేకుల సంగతికొస్తే, 1956 ఎఫ్-100లో పెడలు తొక్కితే బ్రేక్ ఆయిల్‌ను చక్రాల వైపు నెట్టే మాస్టర్ సిలిండర్‌కు ఒకే గది ఉంటుంది. ఏ చక్రం దగ్గర గొట్టం పగిలినా నాలుగు బ్రేకులూ ఒకేసారి పోతాయి. అమెరికాలో 1967 మోడల్ కార్ల నుంచి ముందు చక్రాలకూ వెనుక చక్రాలకూ వేర్వేరు గదులున్న సిలిండరు మామూలైంది. మీరూ అలాంటిదే పెట్టించుకోండి. ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు పెట్టించుకుంటే మరీ మంచిది. మాస్టర్ సిలిండర్‌ను నేల కిందే ఉంచితే అది బ్రేకుల కంటే కింది ఎత్తులో ఉంటుంది, అప్పుడు నూనె వెనక్కి జారిపోకుండా డిస్కుల వైపు 2 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), డ్రమ్ముల వైపు 10 పీఎస్ఐ ఒత్తిడి నిలిపే చిన్న వాల్వులు అవసరమవుతాయి. ఈ వాల్వుల సంగతి మరిచిపోయి, పెడలు ఎందుకు లోతుగా పోతోందో తెలియక నెలల తరబడి తిప్పలు పడిన వారిని చూశాను.

బ్రేక్ ఆయిల్ విషయంలో ప్రదర్శన బండికి ఒక ప్రత్యేకత ఉంది. మామూలు డాట్ 3, డాట్ 4 ఆయిల్ ఒక్క చుక్క పడినా రంగును తినేస్తుంది. అందుకని చాలామంది సిలికాన్ ఆయిల్, అంటే డాట్ 5 పోసేవారు. దాని రంగు ఊదా. అది పెయింటుకు హాని చేయదు, గాలిలోని తేమను పీల్చుకోదు. కానీ లోపలికి చేరిన నీరు దానిలో కలవక అడుగున నిలిచి అక్కడే తుప్పు పట్టిస్తుంది. మామూలు ఆయిల్‌తో దాన్ని కలపకూడదు. ఏళ్లు గడిచాక ఊదారంగు వెలిసిపోయి లేత పసుపుగా కనబడవచ్చు కాబట్టి రంగు ఒక్కటే నమ్మవద్దు. గాజు సీసాలో కొంచెం ఆయిల్ తీసి రెండు చుక్కల నీళ్లు వేయండి. నీళ్లు కలవకుండా విడిగా అడుగున నిలిస్తే అది సిలికానే. ఏదైనా సరే గొట్టాలు, సీళ్లు, వీల్ సిలిండర్లు అన్నీ కొత్తవి వేయించి, ఇకపై డాట్ 4 పోసి రెండేళ్లకోసారి మార్చమంటాను. పోసేటప్పుడు ఫెండర్ల మీద తడిగుడ్డ పరవండి. మెరుపు కోసం రాగి గొట్టాలు వాడి ఉంటే ఆలోచించకుండా తీసేయండి. అదురుకు రాగి గట్టిపడి పగులుతుంది. పాత బ్రేక్ షూల ధూళిలో ఆస్బెస్టాస్ ఉంటుందనే అనుకోవాలి. గాలితో ఊదకుండా తడిపి తుడవండి.

టైర్ల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. పక్కగోడ మీద డాట్ (అమెరికా రవాణా శాఖ) కోడ్ చివర నాలుగు అంకెలు లేకపోతే అవి 2000కు ముందువి, ఇక వాటి మీద ఒక్క మైలు కూడా వెళ్లకూడదు. క్రోమ్ రిమ్ములను తిరగేసి వెల్డు చేసి ఉంటే చక్రం బయటికి జరిగి బేరింగుల మీద బరువు పెరుగుతుంది. ఆ రిమ్ములను కూడా పెట్టెలోకి పంపి, చక్రాన్ని సరైన చోట నిలిపే ఆఫ్‌సెట్ ఉన్నవి వేసుకోండి. తర్వాత ఒక చిన్న పరీక్ష చేయండి. ఒక చక్రం రిమ్ము అడుగంచు నుంచి ఎదుటి చక్రం టైరు నేలను తాకే చోటికి దారం లాగి కట్టండి, అటునుంచి ఇటూ అలాగే కట్టండి. ఆ దారాల కిందికి వచ్చే ఏ భాగమైనా, టైరు ఒక్కసారిగా దిగిపోయినప్పుడు, నేలను గీరుతుంది. అది స్టీరింగు రాడ్డో బ్రేకు గొట్టమో అయితే బండి అప్పుడు మీ అదుపులో ఉండదు. ఆ దారాల పైకి అన్నీ వచ్చేదాకా బండిని ఎత్తండి. ప్రదర్శనలో అది ఎంత కిందికి కూర్చునేదో అంత కిందికి రోడ్డు మీద కూర్చోనవసరం లేదు.

కొత్త ఛాసిస్ సలహా నాకు నచ్చలేదు. ఫ్రేమును నునుపు చేసి, అతుకులు కనిపించకుండా మలిచి, బాడీతో సమానంగా రంగు వేసిన పని కూడా ఆ చేతిపనిలో భాగమే. అయితే వెనుక యాక్సిల్‌కు చోటివ్వడానికి ఫ్రేమును పైకి కోసి ఉంటే, ఆ కోత లోపలివైపు గట్టి పలకతో సరిగా వెల్డు చేశారో లేదో చూడాలి. చిన్న అయస్కాంతం తీసుకుని ఫ్రేము పొడవునా జరపండి. అది పట్టు వదిలే ప్రతిచోటా కింద పుట్టీయో సీసమో మందంగా ఉన్నట్టు లెక్క. అక్కడ రంగు పోతుందని సంకోచించకుండా గీకి, లోపల ఏముందో చూడాల్సిందే. రంగును కాపాడమని ఇంతగా చెబుతున్న నేను మినహాయింపు ఇచ్చేది ఈ ఒక్కచోటే.

ఇంజను నిజానికి ఇంతకంటే తేలిక. ప్లగ్గులు తీసి ప్రతి సిలిండర్‌లో కొంచెం నూనె పోసి ఒకటి రెండు రోజులు ఉంచండి. తర్వాత క్రాంక్‌షాఫ్టును చేత్తో నెమ్మదిగా తిప్పండి. ఎక్కడైనా పట్టేస్తే బలవంతం చేయకండి. తిరిగితే డిస్ట్రిబ్యూటర్ తీసి, ఆ రంధ్రంలోంచి పొడవాటి కడ్డీ దించి డ్రిల్లుతో ఆయిల్ పంపును తిప్పి, రాకర్ల దాకా నూనె చేరాకే స్టార్టు చేయండి. 2000ల మధ్య నుంచి మామూలు ఇంజనాయిల్‌లో జింకు, ఫాస్ఫరస్ తగ్గించారు. ఈ కాలపు క్యామ్‌షాఫ్టుకు అవి కావాలి కాబట్టి పాత ఇంజన్లకని అమ్మే ఆయిల్ పోయండి. మూడు కార్బ్యురేటర్లనూ తీయనక్కర్లేదు, చూడముచ్చటగా ఉంటాయి. ప్రదర్శన బండ్లలో మూడూ ఒకేసారి తెరుచుకునేలా కడతారు. మీరు మధ్యది మామూలు నడకకు, చివరివి రెండూ పెడలు బాగా నొక్కినప్పుడు తెరుచుకునేలా లింకేజీ మార్పించండి. థ్రాటిల్‌కు వెనక్కి లాగే స్ప్రింగులు రెండుండాలి. పెట్రోలు గొట్టాలన్నీ ఇథనాల్‌ను తట్టుకునే కొత్తవి కావాలి. రేడియేటర్ దుకాణంలో కడిగించి, ఫ్యాను చుట్టూ తొడుగు పెట్టించండి. హాల్లో నిలబడిన బండికి దాని అవసరం తెలియదు, సిగ్నల్ దగ్గర నిలబడిన బండికి తెలుస్తుంది.

వైరింగు మొత్తం కొత్తది వేయించండి, ఇందులో బేరం లేదు. అప్పట్లో వైర్లు కనిపించకూడదని కార్పెట్ల కిందా ఫ్రేము లోపలా ఫ్యూజుల్లేకుండా లాగేవారు, ఇన్సులేషన్ ఈపాటికి ముట్టుకుంటే రాలిపోతుంది. బ్యాటరీ పక్కనే పెద్ద ఫ్యూజు పెట్టించండి, హెడ్‌లైట్లకు రిలేలు పెట్టించండి. తలుపుల హ్యాండిళ్లు తీసేశారని రాశారు కదా, అంటే అవి సోలినాయిడ్ మీటతో, అంటే కరెంటుతో, తెరుచుకుంటాయి. ఢీకొని బ్యాటరీ తెగిపోతే బయటివారు మిమ్మల్ని బయటికి తీయలేరు, మీరూ లోపలి నుంచి రాలేకపోవచ్చు. లోపల మామూలు పిడి తప్పకుండా ఉండాలి. బయట కూడా, బండి అడుగున అందేచోట, కరెంటు అక్కర్లేకుండా లాగితే తలుపు తెరుచుకునే కేబుల్ ఒకటి పెట్టించి, ఆ చోటును ఇంట్లోవారందరికీ చూపించండి.

సీటు బెల్టులను నేరుగా నేల రేకుకు బిగించకూడదు. కింద మందపాటి ఉక్కు పలక పెట్టించి దానికి బిగించాలి. క్రోమ్ పూసిన పాత స్టీరింగు స్తంభం ఒకే కడ్డీ, ఎదురుగా గుద్దుకుంటే ఈటెలా ఛాతీ మీదికి వస్తుంది. ముడుచుకునే రకం వేయించి, పాత చక్రాన్నే దాని మీద పెట్టించండి. పక్క అద్దాలు యాక్రిలిక్ అయితే సరైన భద్రతా అద్దం వేయించండి.

ఇక రంగు. గీకించవద్దని నేనంత గట్టిగా ఎందుకంటున్నానో మీకే కనిపించేలా ఒక పని చెబుతాను. రంగు పెచ్చులూడిన చోట, ఆ అంచును మంచి వెలుతురులో భూతద్దంతో చూడండి. అడుగున బూడిద ప్రైమరు, దాని మీద వెండి లేదా బంగారు మెరుపు పొర, ఆపైన గాజులాంటి ఎరుపు, అన్నిటి పైన తేట పొర, ఇలా వరుసగా కనిపిస్తాయి. వెలుగు ఆ ఎరుపులోంచి దిగి, కింది మెరుపుకు తగిలి తిరిగి వస్తుంది. అందుకే దానికి పంచదార పాకం లాంటి లోతు. ఎరుపు ఎన్నిసార్లు కొడితే అంత ముదురుతుంది, కాబట్టి ఒక్కచోట అతుకు వేస్తే అది మచ్చలా వేరుగా కనబడుతుంది. ఈ కారణం చేతనే అతుకు పని వద్దంటాను. పగుళ్లు కూడా లాకరు మందంగా పట్టినచోట వేడికీ చలికీ వచ్చినవి. అవి బండి వయసుకు గుర్తులే తప్ప జబ్బు కాదు. లోహం బయటపడిన చోట మాత్రం తుప్పు ఆపే మందు రాసి, సన్న కుంచెతో రంగు తాకించి వదిలేయండి. చలి షెడ్డులోంచి ఒక్కసారిగా మండుటెండలోకి తేకండి. మెషీను బఫింగ్ వద్దు, పై పొర ఎంత పలచగా మిగిలిందో తెలియదు. రాళ్లు తగలకుండా పారదర్శక ఫిల్ము అంటించమని ఎవరైనా అంటారు, పాత లాకరు మీద అదీ వద్దు. తీసేనాడు జిగురుతోపాటు రంగూ పొరగా ఊడివస్తుంది. దానికి బదులు ఫెండర్ల లోపలివైపు రబ్బరు తొడుగులు, చక్రాల వెనుక మట్టిరేకులు పెట్టండి, అవి అవసరం తీరాక విప్పేసుకోవచ్చు.

ఎక్కడైనా గీకక తప్పకపోతే ఆ కాలంలో అతుకులు నింపడానికి సీసం కలిసిన లోహం వాడేవారని మరవకండి. దాన్ని గ్రైండరుతో అరగదీస్తే సన్నటి సీసపు ధూళి గాలిలో కలిసి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆకురాయితో నెమ్మదిగా, ముసుగు వేసుకుని, పిల్లలు లేనిచోట చేయాలి. ఆ బట్టలు ఇంట్లోకి తేకండి.

ఇవన్నీ అయ్యాక మొదటి నడక ఖాళీ మైదానంలో, గంటకు పది మైళ్ల వేగంతో. బ్రేకు తొక్కి ఆపండి, దిగి కింద చూడండి, మళ్లీ ఎక్కండి. తర్వాత ఇరవై, ముప్పై. తొలి యాభై మైళ్లయ్యాక చక్రాల నట్లు, స్టీరింగు నట్లు, స్ప్రింగుల యూ-బోల్టులు అన్నీ టార్కు రెంచితో మరోసారి బిగించండి. ఒక శీతాకాలంలో ఇదంతా పూర్తవుతుందని అనుకోకండి. స్టీరింగు, బ్రేకులు, వైరింగు, ఇంజను అనే వరుసను మాత్రం తప్పకండి. ఈ వారంలోనే మాస్టర్ సిలిండర్ మూత తీసి అందులో ఉన్న ఆయిల్ రంగు ఏమిటో, ముందు చక్రాల మధ్య టై రాడ్ మెడల దగ్గర మెరుపులో వెంట్రుకవాసి గీత ఏదైనా ఉందేమో చూసి, ఫొటోలతో సహా నాకు రాయండి.